మా చెల్లెలి కోటి రూపాయలు

అమెరికా వీసా పని పడిందంటే సింగపూర్‌లో మన తెలుగువాళ్లు ముందు నా దగ్గరికే వచ్చేవాళ్లండి. గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే అనుకోండి, నాకున్నది అదొక్కటే. పేరు జనార్ధనరావు, ఊరు కాకినాడ, ఉద్యోగం తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ సెక్షన్లో. నేను చెప్పేది రెండువేల సంవత్సరం నాటి సంగతి. ఆరు నెలల కోర్సు చేసిన ప్రతివాడూ విమానం ఎక్కేస్తున్న రోజులవి. మనవాళ్లలో సగం మంది సింగపూర్‌లో దిగేవాళ్లే గానీ చూపంతా అమెరికా మీదే. ఎమ్మెస్‌కి వెళ్లేవాడు, తమ్ముణ్ణి చదివించేవాడు, అమ్మానాన్నలకి అమెరికా చూపిద్దామనుకునేవాడు, అందరూ ఆదివారం పొద్దున్నే పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి సోఫాల నిండా ఫైళ్లు పరిచేవాళ్లు.

వీసా ఆఫీసరుకి కావాల్సింది ఒక్కటే. నీ దగ్గర డబ్బుందా లేదా. లేకపోతే ఉన్నట్టు చూపించాలి. బ్యాంకులో నిలవ లేనివాడి ఖాతాలో నలుగురం తలా కాస్త వేసేవాళ్లం, బ్యాంకు లెటరు చేతికి రాగానే ఎవరిది వాళ్లం తీసేసుకునేవాళ్లం. ఆస్తుల సర్టిఫికెట్టుకి కాకినాడలో నూకరాజని మా క్లాస్‌మేటే ఉన్నాడు, ఆడిటరు. వాడి చేతిలో పడితే పెంకుటిల్లు కాస్తా రెండంతస్తుల మేడ అయిపోయేది. తప్పు కదా అంటారేమో. అందరూ చేసేదే చేశామండి, ఎవడి సొమ్మూ తినలేదు. అలా ముప్పై రెండు మందిని పంపాను. ఒక్కడూ కాదనిపించుకోలేదు. వాళ్లంతా నన్ను అంకుల్ అంకుల్ అని నెత్తిన పెట్టుకుంటుంటే నాకూ కళ్లు కాస్త నెత్తికెక్కాయి, ఒప్పుకుంటాను.

మాకు పిల్లల్లేరు. మా పక్క బ్లాకులో మా చెల్లెలు లలితకుమారి ఉండేది, దాని కూతురు ఉజ్వల. మా చెల్లెలి భర్త కృష్ణప్రసాద్ ఇక్కడే షిప్‌యార్డులో ఇంజనీరు. తొంభై ఆరులో ఆఫీసులోనే గుండె ఆగి పోయాడు. అప్పటికి పిల్లకి పద్నాలుగేళ్లు. అందరూ పిల్లని ఇండియా తీసుకెళ్లిపొమ్మన్నారు. నేను ససేమిరా అన్నాను. పిల్ల చదువు ఇక్కడే, నేనున్నాను, అన్నాను. లలిత ఒక చైల్డ్‌కేర్‌లో ఆయాగా చేరింది. ఫ్లాటు అద్దె, స్కూలు ఖర్చు నేను చూసుకున్నాను. మేనమామని, చూసుకోక ఏం చేస్తాను. అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ఉజ్వల తెలివైన పిల్ల. అదేం తెలివో గానీ అంతా పిట్టల మీద పెట్టింది. మా కోరంగి దగ్గర ఉన్నట్టే ఇక్కడ పాసిర్ రిస్ పార్కులోనూ మడచెట్లున్నాయి. శనివారం వస్తే చాలు, బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఆ బురద పక్కన గంటలు గంటలు కూర్చునేది. ఏ కొంగ ఎన్నింటికి వచ్చింది, ఎన్ని పిల్లల్ని చేసింది, అన్నీ నోటుబుక్కులో రాసేది. ఇంట్లోకొస్తే కాళ్ల నిండా దోమకాట్లే.

"కంప్యూటర్స్ చదవ్వే అమ్మడూ. ఇప్పుడు లోకమంతా దాని వెనకే పరిగెడుతోంది. పిట్టల్ని లెక్కపెడితే జీతం ఎవడిస్తాడు?" అని నేను ఎన్నిసార్లు పోట్లాడానో.

"యూ గో అండ్ కౌంట్ యువర్ కంప్యూటర్స్ లా, మావయ్యా," అనేది నవ్వుతూ, ఇక్కడి యాసలో.

మార్చిలో దాని 'ఏ లెవెల్' రిజల్టు వచ్చింది, మన ఇంటర్ లాంటిది. మంచి మార్కులే. ఇక్కడి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి నేను దగ్గరుండి అప్లై చేయించాను. అది నాకు తెలీకుండా అమెరికాలో ఒక చిన్న కాలేజీకి అంతకు ముందే అప్లై చేసుకుంది. పక్షుల మీద పరిశోధనకి వాళ్లకి అడవిలో సొంత స్టేషనుందిట. ఏప్రిల్ మొదటి వారంలో అక్కణ్ణించి కవరొచ్చింది. సీటిచ్చారు. ఏడాదికి ముప్పై రెండువేల డాలర్ల ఖర్చులో పద్ధెనిమిది వేలు వాళ్లే భరిస్తామన్నారు. మిగతా పద్నాలుగు వేలూ మనం కట్టుకోవాలి.

ఆ కాగితం పట్టుకుని నా ముందు నిలబడింది చూడండి, తండ్రి పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూళ్లేదు. కంప్యూటర్లూ గింప్యూటర్లూ అంతా మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. మీరు కూడా నమ్మకపోతే ఇంక నేను చెప్పి లాభం లేదు.

ఆరు వేల దాకా నేనూ లలితా తంటాలు పడి సర్దగలం. ఇంకో ఎనిమిది వేలు ఎక్కణ్ణించి తేవాలో తెలీలేదు. ఉజ్వలే చెప్పింది, ఇచ్చినది చాలకపోతే అప్పీలు చేసుకోవచ్చని ఆ కవరులోనే రాశారని. ఇరవయ్యో తారీకు లోపల మన పరిస్థితి వివరంగా రాసి, దానికి తగ్గ కాగితాలు జతచేసి పంపితే మళ్లీ చూస్తారట.

"కాగితాలా?" అన్నాను. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. "ఆ సంగతి నాకొదిలెయ్యి."

ఆ సాయంత్రమే నూకరాజుకి ఫోన్ చేశాను. వాడు నాలుగు రోజుల్లో కొరియర్లో పంపాడు. శ్రీమతి లలితకుమారి పేరు మీద కాకినాడలో మేడ, అయిదెకరాల కొబ్బరితోట, ఎనభై కాసుల బంగారం, వెరసి కోటీ పది లక్షలు. ఎర్రటి సీలు, ఆకుపచ్చ ఇంకుతో సంతకం, చూడముచ్చటగా ఉంది. ఆ మేడ కృష్ణప్రసాద్ అన్నదమ్ములది, మా చెల్లెలికి అందులో ఒక గది కూడా రాదు. తోట వాళ్ల తాతగారి హయాంలోనే అమ్మేశారు. బంగారం సంగతి అడక్కండి, దాని చేతులకి రెండు గాజులున్నాయి.

కాగితాలు పట్టుకుని లలిత వంటింట్లోకి వెళ్లాను. ఉజ్వల అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. సర్టిఫికెట్టు చదివి తలెత్తింది.

"మావయ్యా, ఇది రివర్స్‌లో ఉంది. వాళ్లు అడిగేది మనం ఎందుకు కట్టలేం అని. ఇది చూస్తే మనం కట్టగలం అనుకుంటారు."

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాను. "వాడి ముందు దేబిరిస్తే ఎవడిస్తాడే? మనం నిలదొక్కుకున్న మనుషులమని కనపడాలి. ఈ పిల్ల చదువు మధ్యలో ఆగిపోదు, వెనక ఓ కుటుంబముంది అని నమ్మితే అప్పుడు పై నాలుగు రాళ్లు వాడే వేస్తాడు. ముప్పై రెండు మందిని పంపాను నేను."

"అది వీసా. ఇది వేరే. ప్లీజ్, మావయ్యా. నేను ఒక లెటర్ రాశాను, అది చదువు ముందు."

"నిన్నగాక మొన్న పుట్టిన దానివి, నాకు చెప్తావా?" అని నోరు పారేసుకున్నాను. గట్టిగానే అరిచాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి దగ్గరున్న లలిత ఇటు తిరక్కుండానే, "మావయ్యకి తెలీకుండా ఉంటుందా తల్లీ, చెప్పినట్టు విను," అంది. తరవాత చేతులు తుడుచుకుని, నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది. ఏం కాగితమని కూడా అడగలేదు. నేనిచ్చినదేదీ అది ఏనాడూ చదివి సంతకం పెట్టలేదు.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. సర్టిఫికెట్టూ వెళ్తుంది, దాని ఉత్తరమూ వెళ్తుంది. ఉత్తరంలో ఉన్నది నిజం కాబట్టి అది చదివితే వాళ్లకే అర్థమవుతుందని ఉజ్వల ఆశ. రెండూ ఒకే కవర్లో పెట్టి నా చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ కొరియర్ ఆఫీసు దగ్గర ఆగాను. నా ముందు ఇద్దరున్నారు. నిలబడి ఏం చెయ్యాలో తోచక ఆ ఉత్తరం తీసి చదివాను. ఒక్క పేజీ. నాన్న పోయిన రోజు. అమ్మ జీతం. ఇన్సూరెన్సు డబ్బు ఏమైపోయిందో. అన్నీ ఉన్నదున్నట్టు, ఎక్కడా ఏడుపు లేకుండా రాసింది. ఆఖర్న ఈ మాటుంది. "నాలుగేళ్లుగా మమ్మల్ని మా మేనమామ పోషిస్తున్నాడు. ఆయనకి యాభై రెండేళ్లు, రక్తపోటుంది, సొంత ఇల్లు లేదు. నా చదువు కోసం ఆయన ముసలితనాన్ని కూడా ఖర్చుపెట్టించడం నాకిష్టం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

నాకు ఒళ్లంతా వేడెక్కిపోయింది. కోపమో, సిగ్గో, ఏడుపో, అదేదో ఇప్పటికీ చెప్పలేను. నా ఇంటి సంగతీ నా జబ్బు సంగతీ, ఊరూ పేరూ తెలీని దొరలు కూర్చుని చదువుతారా? మేనమామ అన్నాక మోస్తాడు, దాన్ని ఊరికి చాటుతారా? పోనీ ఆ ఒక్క ముక్క కొట్టేద్దామా అంటే కంప్యూటర్లో కొట్టి సంతకం పెట్టిన కాగితం. ఈలోగా నా వంతొచ్చింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. సర్టిఫికెట్టు ఒక్కటే కవర్లో పెట్టి, దానికి తోడుగా ఒక కాగితం మీద నా చేత్తో నాలుగు వాక్యాలు రాసి పెట్టి అంటించాను. మాది పరువుగల కుటుంబమనీ, పిల్ల బుద్ధిమంతురాలనీ, దయచేసి మరో ఎనిమిది వేలు మంజూరు చెయ్యమనీ రాశాను.

ఏప్రిల్ ఇరవై ఆరున జవాబు మెయిల్లో వచ్చింది. ఉజ్వల ప్రింటు తీసి తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పూర్తి వివరాలు పంపినందుకు సంతోషం అన్నారు. కుటుంబానికున్న ఆస్తుల్ని బట్టి చూస్తే మీకు ఏ సాయమూ అవసరం లేదని తేలింది, కాబట్టి ముందిస్తామన్న పద్ధెనిమిది వేలు కూడా రద్దు చేస్తున్నాం, సీటు మాత్రం మీదే, ఒకటో తారీకు లోపల డిపాజిట్టు కట్టండి, అన్నారు.

"నా లెటర్ చదివి కూడా ఇలా ఎలా రాశారు?" అంది ఉజ్వల.

 అది నా మొహంలోకి చూసింది. అలా చూస్తూనే ఉంది. నా ఎదురుగా కూర్చున్న మా ఆవిడ తారాదేవి, "అయ్యో, ఏం చేశారండీ," అంది నెమ్మదిగా. ఆవిడకి నేను చెప్పకుండానే అర్థమైపోయింది. అప్పుడు చెప్పాను, ఉత్తరం పంపలేదని. ఎందుకు పంపలేదో మాత్రం నోట రాలేదు. నేను పోషిస్తున్నానని రాశావు, అది ఓర్చుకోలేకపోయాను అని పద్ధెనిమిదేళ్ల పిల్లతో ఎలా చెప్తాం?

ఉజ్వల ఏడవలేదు. ప్రింటు మడిచి తీసుకుని వెళ్లిపోయింది.

నేనూరుకోలేదండి. ఆ రాత్రి తొమ్మిదింటికి, అక్కడ పొద్దున్న తొమ్మిది, ఫోన్ కార్డు కొని ఆ కాలేజీకి ఫోన్ చేశాను. ఒకావిడ మాట్లాడింది. మర్యాదస్తురాలు. ఆ సర్టిఫికెట్టు పట్టించుకోవద్దు మేడమ్, అదంతా ఊరికే చూపించడానికి, అందులో ఒక్క రూపాయి కూడా నిజం కాదు, మా దేశంలో అందరూ ఇలాగే చేస్తారు, అన్నాను.

 ఆవిడ చాలా మెల్లగా అడిగింది. "సర్, దాని మీద అమ్మాయి తల్లి సంతకముంది. ఆ సంతకం పెట్టిన పత్రం అబద్ధమని మీరు చెప్తున్నారా? అలాగైతే నేను అది రాసుకుని అడ్మిషన్ కమిటీకి పంపాలి. అబద్ధపు పత్రాలు పెట్టినవాళ్లకి మేం సీటు ఇవ్వం. రాసుకోమంటారా?"

 నిజమంటే డబ్బు పోతుంది, అబద్ధమంటే సీటు పోతుంది. ఎటు చూసినా పోయేది పిల్లదే, దాంతోపాటు మా చెల్లెలికి దొంగ అని పేరు పడుతుంది. ఏ దారీ కనపడలేదు. ముప్పై రెండు మందికి దారి చూపించానే.

"వద్దు మేడమ్, రాసుకోవద్దు," అన్నాను.

"మీ అమ్మాయి వ్యాసం నేను చదివానండి," అంది ఆవిడ ఫోన్ పెట్టేసే ముందు. "కొంగల గురించి రాసింది. మాకు తను రావాలనే ఉండింది."

ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పే దమ్ము లేకపోయింది.

తరవాత నాలుగు రోజులూ పిచ్చివాడిలా తిరిగాను. వుడ్‌ల్యాండ్స్‌లో ఉన్న మనవాళ్లని, ఆఫీసువాళ్లని, నేను పంపిన ముప్పై రెండు మందిలో ఫోను దొరికినవాళ్లందర్నీ అడిగాను. ఇచ్చేవాళ్లు ఇస్తామన్నారు, తలా అయిదొందలు, వెయ్యి. ఏడాదికి ముప్పై రెండు వేలు, నాలుగేళ్లు. ఏ లెక్కలోనూ అది అయ్యే పని కాదు. లలిత గాజులు రెండూ తీసి రుమాల్లో చుట్టి పట్టుకొచ్చింది. "ఇవి కూడా చూడన్నయ్యా," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదండి. నాలుగు వాయించినా బాగుండేది. ఆ గాజులు మళ్లీ దాని చేతికే తొడిగేశాను.

ఒకటో తారీకు వెళ్లిపోయింది. ఇక్కడి యూనివర్సిటీ నించి కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చిందని లెటరు వచ్చింది. ఉజ్వల ఫామ్ నింపుకుంది, బ్యాంకు లోనుకి కాగితాలు తనే తయారుచేసుకుంది. ఒక్క గడి దగ్గర కూడా నన్ను పిలవలేదు. సంతకాలకి లలిత దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని ప్రతి లైనూ చదివి తెలుగులో చెప్పి, ఆ తరవాతే పెన్ను చేతికిచ్చిందిట. లలితే చెప్పింది నాకు.

కాగితాలు ఇచ్చి రావాల్సిన రోజున నేనూ వస్తానన్నాను. సరే అంది. స్టేషను దగ్గర హాకర్ సెంటర్లో కాఫీకి కూర్చున్నాం. జనం మధ్యాహ్నం తిండికి కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసుకుంటున్నారు, అంటే చోటు పట్టేసుకుంటున్నారు.  ఉజ్వల చాలాసేపు కప్పు తిప్పుతూ కూర్చుని, అప్పుడు అడిగింది.

"మావయ్యా, ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా? కావాలనే చేశావు కదా?"

నేను కప్పు కింద పెట్టేశాను. "ఏంటే ఆ మాట?"

"నాకు కోపం లేదు. ఐ థాట్ అబౌట్ ఇట్. నీకు మొదట్నుంచీ కంప్యూటర్సే ఇష్టం. మా ఇద్దరికీ నువ్వు తప్ప ఎవరూ లేరు, నీకూ మేం తప్ప ఎవరూ లేరు. నేను వెళ్లిపోతే నువ్వుండలేవు. అందుకే నా లెటర్ తీసేశావు." చెప్తూ చెప్తూ నా చేతి మీద చెయ్యి వేసింది. "అది నేను అర్థం చేసుకోగలను, మావయ్యా. నువ్వు నన్ను వదల్లేకపోయావు. దట్స్ ఆల్. ఒకసారి అవును అని చెప్పు, ఇంక మళ్లీ అడగను."

"కాదమ్మడూ," అన్నాను. "ఒట్టు. నువ్వు వెళ్లాలనే చేశాను."

"మరి ఎందుకు?"

ఆ ఉత్తరంలో ఆఖరి మాట గురించి చెప్పేద్దామని నోరు తెరిచాను. చెప్తే ఏమవుతుంది? నా మీద ప్రేమతో రాసిన మాట వల్లే తన చదువు పోయిందని జన్మంతా కుమిలిపోతుంది. నోరు మూసుకున్నాను. మిగిలిన నిజం ఒక్కటే ఉంది. యాభై రెండేళ్లలో ఎవరి దగ్గరా అనని మాట.

"నాకు తెలీలేదు తల్లీ. వీసాకి డబ్బున్నట్టు చూపించాలి, దీనికి లేనట్టు చూపించాలి, ఆ తేడా నాకు తెలీలేదు. నీకు తెలిసింది, నాకు తెలీలేదు. వట్టి మూర్ఖుణ్ణి, అంతే."

నా మొహం వంక చూసింది. నమ్ముతుందేమో అనుకున్నాను. నా చేతి మీద నించి చెయ్యి తీసేసుకుంది.

"నీకు తెలీకపోవడం ఏంటి మావయ్యా," అంది. "వంటింట్లో నేను చెప్పాను కదా. అర్థం కాకుండా ఉండదు నీకు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, నీకు తెలీనిదంటూ ఏముంది?"

"నిజం అమ్మడూ. నిజంగా తెలీదు."

"నన్ను వదల్లేకపోయానని చెప్పు చాలు అన్నాను. అది కూడా చెప్పలేవా?"  కాలేజీ సాయం రద్దన్న రోజున ఏడవని పిల్ల, అక్కడ, అంతమంది మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఎదురుగా కూర్చుని తెలీదమ్మా, తెలీదమ్మా అంటూనే ఉన్నాను.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, కాగితాల ఫైలు తీసుకుని లేచింది. "నువ్వు ఇంటికెళ్లు మావయ్యా. నేను వెళ్లి ఇచ్చేసి వస్తాను," అని ఒక్కతే ట్రైను వైపు వెళ్లిపోయింది.